పండ్రెండు గ్రాముల వాయువు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరపు కొసనున్న మిషిగన్ రాష్ట్రమున, మహాసరోవరముల నడుమ విస్తరించిన అరణ్యములలో, నరుకదగిన వృక్షమునకును విడువదగిన వృక్షమునకును భేదము తెలియునట్లు రంగుతో గురుతు పెట్టుట అటవీశాఖవారి నిత్యకృత్యము. వాగునకు ఆవలి యొడ్డుననున్న చెట్టును, ముండ్లపొదల నడుమ నిలిచిన మ్రానును సమీపించి గురుతు పెట్టుటలోని శ్రమను తప్పింపవలెనని, ఐరన్ మౌంటెన్ అను చిన్న పట్టణమందలి నెల్సన్ పెయింట్ కంపెనీవారు దూరము నుండియే రంగును ప్రయోగింపగల సాధనమునకై యత్నించిరి. నేడు ప్రపంచమంతటను యువకులు వినోదార్థము చేతబట్టు పెయింట్‌బాల్ మార్కరునకు జన్మస్థానము ఇట్టి యరణ్యోద్యోగమే గాని యుద్ధభూమి గాదు.

రంగును గుళికగా చేయు విద్య వారికి ఔషధశాలల నుండి సంక్రమించినది. 1933లో డెట్రాయిట్ నగరమున రాబర్ట్ పౌలీ షేరర్ అను నాతడు, మెత్తని జెలటిన్ గుళికలను తిరుగుచుండు అచ్చుల నడుమ ఎడతెగక తయారుచేయు యంత్రమును నిర్మించెను. చేపనూనెను విటమినులను పొదుగుటకై యేర్పడిన యా తొడుగులోనే రంగును పొదిగినచో, చేతిలో నున్నంతసేపు పగులక, మ్రానును తాకినంతనే పగులు గుళిక సిద్ధించును. దానిని విసరు సాధనము మొదట 1960ల దశకమున క్రాస్‌మన్ కంపెనీచే 707 అను పేరుతో వెలువడి యంతగా ఆదరణ పొందకపోగా, 1970ల ఆరంభమున నెల్సన్ వారు గాలితుపాకులకు పేరెన్నికగన్న డైసీ కంపెనీని ఆశ్రయించి నెల్-స్పాట్ 007 అను మార్కరును చేయించిరి. దాని నిర్మాణమునకు డైసీలోని జేమ్స్ హేల్ పేర 1974లో పేటెంటు లభించెను. అటవీ ఉద్యోగులే గాక, మందలో నొక యావును వేరుగా గుర్తింపగోరు పశుపాలకులును దీనిని కొనిరి.

ఈ మార్కరు ఆకృతిని గూర్చి, ఆటల విజయములను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. దాని యూపిరిని గూర్చి, అనగా గుళికను వెడలగొట్టు వాయువును గూర్చి, శ్రద్ధతో వ్రాసినవారు తక్కువ. ప్రతి గుళికకును చేతితో సిద్ధపరచు పంపు మార్కరు చరిత్ర యంతయు, నా యభిప్రాయమున, వ్రేలెడు పొడవైన యుక్కు కార్ట్రిడ్జిలో పట్టిన పండ్రెండు గ్రాముల వాయువును ఎట్లు పొదుపుగా వినియోగింపవలెనను ప్రశ్న చుట్టును తిరిగినది. ఆ ప్రశ్నను మరచినప్పుడెల్ల ఆట స్వరూపము మారెను. తిరిగి స్మరించినప్పుడెల్ల పంపు మార్కరు పునర్జీవించెను.

వాయువును బంధించి గుండును విసరుట నూతనవిద్య కాదు. 1780 ప్రాంతమున ఆస్ట్రియా సైన్యము స్వీకరించిన గిరార్డోని వాయుతుపాకిలో, వెనుకకొయ్య స్థానమున బిగించిన లోహపాత్రయే ట్యాంకుగా నుండెను. చేతిపంపుతో దాదాపు 1500 సారులు కొట్టినగాని యది పూర్తిగా నిండెడిది కాదు. అట్లు నింపిన పాత్ర, చదరపు అంగుళమునకు సుమారు 800 పౌన్ల ఒత్తిడితో, ముప్పది వఱకు బలమైన ప్రయోగముల నిచ్చెడిది. 1803లో అమెరికా పశ్చిమభాగమును శోధింప బయలుదేరిన మెరివెథర్ లూయిస్ తన వెంట గొనిపోయి తెగలవారికి ప్రదర్శించిన వాయుతుపాకి యీ పద్ధతిదేయని చరిత్రకారులు పెక్కురు విశ్వసించుచున్నారు. ముప్పది ప్రయోగములు, 800 పౌన్లు అను నీ రెండు సంఖ్యలను పాఠకులు జ్ఞప్తియందుంచుకొన ప్రార్థన. రెండు శతాబ్దముల తరువాత మన పంపు మార్కరులో నవే సంఖ్యలు ఆశ్చర్యముగ పునరావృత్తమగును.

పంతొమ్మిదవ శతాబ్దిలో ఫారడే మొదలగు శాస్త్రజ్ఞులు కార్బన్ డయాక్సైడును, అనగా మన పాఠ్యపుస్తకములలోని బొగ్గుపులుసు వాయువును, ద్రవముగా మార్చు విధమును కనుగొనగా, ఫ్రాన్సు దేశీయుడగు పాల్ గిఫార్డు ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున నట్టి ద్రవవాయువుతో పనిచేయు తుపాకిని నిర్మించెను. ద్రవముగా నిలుచుటయే యీ వాయువునందలి మహాగుణము. ఒక చిన్న పాత్రలో సాధారణమైన గాలిని ఎంత యదిమినను పట్టని పరిమాణము, ద్రవరూపమున సులభముగా పట్టును. పై భాగమున నున్న ఆవిరి ఖర్చైన కొలదిని క్రిందనున్న ద్రవము మరిగి యా కొరతను తీర్చును. ద్రవము మిగిలియున్నంతకాలము ఒత్తిడి ఉష్ణోగ్రత ననుసరించి యుండునే గాని మిగిలిన పరిమాణము ననుసరించి యుండదు. ఇరువది సెంటీగ్రేడు డిగ్రీల వద్ద నీ ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 830 పౌన్లు. గిరార్డోని సైనికుడు పదునైదు వందల సారులు పంపుకొట్టి సంపాదించినదానిని ప్రకృతియే యిచ్చట నుచితముగ నొసగుచున్నది.

1981 జూన్ 27వ తేదీన, న్యూహాంప్‌షైరు రాష్ట్రములో హెన్నికర్ గ్రామసమీపమున గల యడవిలో, పండ్రెండుగురు మనుష్యులు నెల్-స్పాట్ మార్కరులను చేతబట్టి ప్రవేశించిరి. రచయిత చార్లెస్ గేన్స్, షేరు మార్కెట్టులో వ్యాపారియగు హేస్ నోయెల్, క్రీడాసామగ్రి దుకాణదారుడగు బాబ్ గర్న్‌సీ యను మువ్వురు మిత్రులు, నగరజీవియు అరణ్యజీవియు తలపడినచో నెవడు నిలుచునను తమ చిరకాలవివాదమును పరీక్షింపదలచి యేర్పరచిన క్రీడ యది. వేర్వేరు స్థానములందలి జెండాలను సంగ్రహించి బయటపడవలెను. రంగు తగిలినవాడు తొలగవలెను. ఆనాడు గెలిచిన రిచీ వైట్ అను అటవీ ఉద్యోగి ఒక్క గుళికనైనను ప్రయోగింపలేదు! వాయువ్యయము శూన్యమైన యీ విజయము, నా దృష్టిలో, క్రీడాచరిత్ర యందలి కేవల చమత్కారము గాదు. ఆ మార్కరుతో నాడదగిన ఆట యెట్టిదో యది సుస్పష్టముగ చూపుచున్నది.

నెల్-స్పాట్ మార్కరు నెట్లు ప్రయోగించిరో తెలిసిననే గాని యీ మాటలోని యంతరార్థము బోధపడదు. ప్రతి గుళికకును బోల్టును చేతితో వెనుకకు లాగి ముందునకు త్రోయవలెను. గొట్టమునకు సమాంతరముగా నున్న చిన్న గుళికలనాళమునుండి తరువాతి గుళిక దొరలి వచ్చుటకు మార్కరును వంచవలెను. ఈ వంచుట, లాగుట, త్రోయుట యనువాని నడుమ ఎదిరి స్థానము మారును, గాలి వీచును, ఆకు కదలును. కావున ఆటగాడు గురి కుదిరిననే తప్ప మీట నొక్కడు. అంతకంటె ముఖ్యముగ, కార్ట్రిడ్జి లోపల నెంత వాయువు మిగిలినదో చూపు సాధన మేదియు లేదు. ఒక్కసారి సూది గ్రుచ్చిన కార్ట్రిడ్జిని తీసిన పక్షమున మిగిలిన వాయువంతయు నెగిరిపోవును. అందుచేత ఆటగాడు తాను చేసిన ప్రయోగములను మనసులో లెక్కించుకొనవలెను: ద్రవము పూర్తియైన వెనుక ఒత్తిడి వేగముగ పడిపోవును, తుదిగుళికలు గమ్యమునకు ముందే నేలవ్రాలును, అట్టి స్థితి రాకమునుపే క్రొత్త కార్ట్రిడ్జిని ఎక్కించుట వివేకము, మరీ ముందుగా నెక్కించుట దుబారా.

ఈ లెక్కను కొంత విపులముగ చూతము. పండ్రెండు గ్రాముల కార్బన్ డయాక్సైడు సాధారణ వాతావరణపీడనమున ఆరున్నర లీటర్ల చోటు నాక్రమించును. పొందికగా సవరించిన పంపు మార్కరు ఒక కార్ట్రిడ్జితో ముప్పది వఱకు గుళికలను సెకనుకు దాదాపు 90 మీటర్ల వేగముతో వెడలగొట్టగలదు. అనగా నొక్కొక ప్రయోగమునకు 0.4 గ్రాము, లేక లీటరులో నైదవవంతు వాయువు. మూడు గ్రాముల గుళిక యా వేగముతో పొందు శక్తి సుమారు 12 జౌళ్లు మాత్రమే. కాని 0.4 గ్రాము ద్రవము ఆవిరియగుటకు సాధారణోష్ణోగ్రత వద్ద కావలసిన యుష్ణము 60 జౌళ్లు! గుళిక కొసగిన శక్తికి ఐదింతల యుష్ణమును కార్ట్రిడ్జి తన లోహపుగోడలనుండియు, దానిని చుట్టియున్న గాలినుండియు పీల్చుకొనుచున్నది. వడివడిగా పది గుళికలను ప్రయోగించిన కార్ట్రిడ్జిని తాకినచో చలివేయుటకును, అట్టి చలిలో గుళికవేగము క్రమముగ సన్నగిల్లుటకును కారణ మిదియే. సున్న డిగ్రీల వద్ద వాయువు ఒత్తిడి 505 పౌన్లకు దిగిపోవును. కావున తొందరపడనివానికి వాయువు ఎక్కువ ప్రయోగముల నిచ్చును, తొందరపడువానికి తక్కువ నిచ్చును.

1980ల మధ్యభాగమునకు ఆట న్యూహాంప్‌షైరు దాటి వ్యాపించెను. గర్న్‌సీ 1982లోనే వాణిజ్యక్రీడారంగమును తెరచెను. నూనెరంగునకు మారుగ నీటిలో కరుగు రంగు వచ్చి దుస్తులు చెడకుండ చేసెను. బోల్టును లాగుటకు బదులు గొట్టము క్రింద నొక పిడిని అమర్చి, ఎడమచేతితో దానిని వెనుకకు ముందునకు జరుపు పద్ధతి ప్రబలెను. పంపు మార్కరు అను పేరు ఈ పిడినుండియే వచ్చినది. రసీన్ నగరపు షెరిడన్ కంపెనీ చేసిన చిన్నమార్కరులును, ఆ దశకపు ద్వితీయార్ధమున వెలసిన ఫాంటమ్, స్నైపర్ అను మార్కరులును నేటికిని పాతతరమువారు గౌరవముతో స్మరించు పేరులు.

అదే కాలమున వచ్చిన మఱియొక మార్పు వీనియన్నిటికంటె గంభీరమైనది. పండ్రెండు గ్రాముల కార్ట్రిడ్జి స్థానమున, మరల మరల నింపుకొనదగిన ద్రవవాయువు ట్యాంకును మార్కరు వెనుక బిగింప నారంభించిరి. మూడున్నర ఔన్సుల ట్యాంకులో ఎనిమిది కార్ట్రిడ్జుల వాయువు పట్టును. ఇరువది ఔన్సుల ట్యాంకులో నలువది ఏడు కార్ట్రిడ్జులది. పై భాగమున పెద్ద డొప్పవంటి హాపరు వచ్చి గుళికలను ధారగా దింపసాగెను. లెక్కించు అవసరము తొలగినది. తొలగిన వెంటనే లెక్కించు నలవాటును తొలగినది. 1990 ప్రాంతమున వాయువే బోల్టును వెనుకకు త్రోసి తరువాతి ప్రయోగమునకు సిద్ధపరచు స్వయంచాలక మార్కరులు విపణిని ముంచెత్తగా, పంపు మార్కరు కొన్నియేండ్లలోనే వెనుకబడినది. దీనిని నేను కేవలము పురోగమనమని చెప్పజాలను. క్రొత్త మార్కరులలో వాయువులో కొంత గుళికకు గాక యంత్రమునకు ఖర్చగును. పంపు మార్కరులో ఆ పనిని ఆటగాని ఎడమచేయి చేయుచున్నది. వాయువు పొదుపునకు మూలమైన రహస్య మింతకంటె వేరులేదు.

అయినను చేయి చేయు సాయమొక్కటియే చాలదు. వాల్వును తట్టు సుత్తికి బలమిచ్చు స్ప్రింగు, వాల్వును మూయు స్ప్రింగు అను రెండింటి సమతూకము మీదనే వాల్వు ఎంతసేపు తెరచియుండునో యాధారపడియుండును. మొదటిది అతిబలమైనదైనచో గుళిక గొట్టమును వీడిన పిదపయు వాయువు వృథాగా వెడలుచుండును. రెండవది అతిబలమైనచో గుళికకు చాలినంత వాయువు దక్కదు. గొట్టపు లోపలి వ్యాసము గుళిక వ్యాసమునకు సరిపోవలెను: వదులైనచో వాయువు పక్కలనుండి జారిపోవును, బిగుతైనచో గుళిక లోపలనే చిట్లును. గొట్టము ముందుభాగమున శబ్దము తగ్గుటకై త్రవ్విన రంధ్రములు మొదలగు చోటునుండి వాయువు గుళికను త్రోయుట యాగిపోవును. గొట్టము పొడవగుటయే మేలని పలువురు భ్రమింతురు. కొంత హద్దు దాటిన పిమ్మట పొడవు ఘర్షణమును పెంచునే తప్ప వేగమును పెంచదు. గుళికలను కొనునప్పుడు ఒక్కదానిని గొట్టములో నుంచి ఊది చూచు పాత ఆటగాండ్రను నేను మెచ్చుకొందును. ఖర్చులేని యా పరీక్ష, విలువైన యుపకరణములు చేయలేని మేలు చేయును.

ఇక అదిమిన గాలి. ద్రవవాయువు చలికి సన్నగిల్లుటయు, మార్కరును తలక్రిందులు చేసినప్పుడు ద్రవమే వాల్వులోనికి చొచ్చి వేగమును చెడగొట్టుటయు చూచి, 1990ల ఆరంభమున ఆటగాండ్రు నత్రజనిని, తరువాత సాధారణమైన గాలినే అదిమి వాడసాగిరి. దీనికి కావలసిన దృఢమైన తేలిక పాత్రలు ఒక విచిత్రమైన మార్గమున సిద్ధమైయుండెను. 1970ల దశకమున అమెరికా అంతరిక్షసంస్థ నాసా, రాకెట్ల తొడుగులకై రూపొందించిన నారచుట్టు పద్ధతిని అగ్నిమాపకదళములవారి శ్వాససాధనములకు అన్వయించి, అల్యూమినియపు లోపలిపాత్రకు గాజునార చుట్టిన తేలిక సిలిండరులను చేయించెను. న్యూయార్క్, హ్యూస్టన్, లాస్ ఏంజిలెస్ నగరముల అగ్నిమాపకదళములు 1974-75 ప్రాంతమున వానిని పరీక్షించెను. గాజునారకు మారు కార్బన్ నార వచ్చిన పిదప, చదరపు అంగుళమునకు 4500 పౌన్ల ఒత్తిడిని భరించు ట్యాంకులు మార్కరునకు బిగింపదగినంత తేలికయయ్యెను. పొగలో చిక్కిన మనుష్యులను బ్రతికించుటకు వెలసిన పాత్ర, క్రీడారంగమునకు వచ్చినది.

గాలికి ద్రవమువలె నిలువయుండు గుణము లేదు. ఖర్చైన కొలదిని ట్యాంకు ఒత్తిడి దిగుచునే యుండును. కావున వెడలు ఒత్తిడిని స్థిరముగ నుంచు రెగ్యులేటరు ట్యాంకు మెడయందు అవసరము. పంపు మార్కరులు ద్రవవాయువు ఒత్తిడికై రూపొందినవి గనుక సామాన్యముగ 800 లేక 850 పౌన్ల నిచ్చు రెగ్యులేటరు వానికి తగును. ఇచ్చట నొక సూక్ష్మమును గ్రహింపవలెను. 13 ఘనపుటంగుళముల అల్యూమినియపు ట్యాంకును 3000 పౌన్లకు నింపినచో, వాతావరణపీడనమున 44 లీటర్ల గాలి పట్టును. కాని ఒత్తిడి 850కి దిగిన తరువాత మిగిలినది సరియైన వేగము నీయదు గనుక, వినియోగమునకు వచ్చునది 31 లీటర్లు మాత్రమే. ప్రయోగమునకు లీటరులో నైదవవంతు చొప్పున లెక్కించిన సుమారు 150 గుళికలు. పదేసి గుళికలు పట్టు నాళములు పదునైదు ఖర్చుచేయుట పంపు మార్కరుతో నాడువానికి ఎంత తీరిక గల దినమో ఆలోచింపుడు. 48 ఘనపుటంగుళముల ట్యాంకు 3000 పౌన్ల వద్ద ఐదువందలకు పైగా నిచ్చును. 68 అంగుళములది 4500 పౌన్ల వద్ద వేయింటిని మించును. ఈ పెద్దట్యాంకులు స్వయంచాలక మార్కరులకై పుట్టినవి. పంపు మార్కరునకు వానిని తగిలించుట, వాడని వాయువును దినమెల్ల మోయుట.

తక్కువ ఒత్తిడితో పనిచేయు వాల్వును అమర్చినచో గాలి మిగులునని యొక ప్రచారము కలదు. ట్యాంకునుండి మఱికొంత లోతువఱకు గాలిని తీసికొనవచ్చుననుట నిజమే. 850కి మారు 450 పౌన్ల వఱకు దిగినచో, 31 లీటర్లు 37 లీటర్లగును. కాని ఒత్తిడి తగ్గినప్పుడు గుళికకు అంతే శక్తి నీయుటకు ఎక్కువ పరిమాణము విడువవలసి వచ్చును. పొదుపును నిర్ణయించునది ఒత్తిడి గాదు, ప్రతి ప్రయోగమునకు వెడలు వాయువు పరిమాణము. స్ప్రింగులు, గొట్టము సరికానిదే ఏ ట్యాంకు నమర్చినను ప్రయోజనము స్వల్పము.

మన దేశపు వాతావరణమును గూర్చి యొక మాట చెప్పుట నా ధర్మము. న్యూహాంప్‌షైరు అడవులలో ద్రవవాయువునకు శత్రువు చలి; విజయవాడలోను రామగుండములోను వైశాఖమాసపు మధ్యాహ్నమున దానికి శత్రువు ఎండ. ముప్పదియొక డిగ్రీలు దాటిన యుష్ణోగ్రతలో కార్బన్ డయాక్సైడు ఎంత ఒత్తిడికిని ద్రవముగా నిలువదు. అప్పుడు ట్యాంకులోని ఒత్తిడి యంతయు నెంత నింపితిమను దానిమీద నాధారపడును. నిండుగా నింపిన ట్యాంకును నలువదిమూడు డిగ్రీల యెండలో కారులో వదలినచో, రక్షణార్థము అమర్చిన పలుచని రేకు పగిలి వాయువంతయు నొక్కమారుగ వెడలిపోవచ్చును. గాలిట్యాంకునకు నీ చిక్కు స్వల్పము. వేడికి దాని ఒత్తిడి కొద్దిగ హెచ్చునే గాని, రెగ్యులేటరు ఆ హెచ్చును మార్కరునకు చేరనీయదు.

ఈ శతాబ్దపు తొలిదశకములలో పంపు మార్కరు మరల ఆదరణ సంపాదించినది. స్వయంచాలక మార్కరులతో వేలకొలది గుళికలు కురిపించి విసిగినవారును, ఖర్చునకు వెరచినవారును, ఎదిరిని గుర్తించి ఒక్కగుళికతో తీర్పుచేయుటలోని యానందమును కోరినవారును దీనికి తిరిగివచ్చిరి. వారిలో కొందరు మఱింత ముందునకు సాగి, పండ్రెండు గ్రాముల కార్ట్రిడ్జియు, గొట్టమునకు సమాంతరమైన గుళికలనాళమును, చేతిపంపును తప్ప మఱేదియు అంగీకరింపని ప్రాచీనపద్ధతినే నియమముగ పాటించుచున్నారు. వారి నిష్ఠను నేను ఛాందసముగ భావింపను. ఆటలోని ఆలోచనను కాపాడినది వాయువునందలి కొరతయే గనుక, ఆ కొరతను కాపాడుకొనుట సబబైనదే.

క్రొత్తగా పంపు మార్కరు చేతబట్టు యువకులకు నా సలహా యిది. నెమ్మదిగ నాడి పొదుపు నేర్వగోరినవారు కార్ట్రిడ్జితో నారంభింపుడు. దినమంతయు మైదానమున గడుపువారు 13 ఘనపుటంగుళముల గాలిట్యాంకును గ్రహింపుడు. అంతకు పెద్దదానిని కొనకుడు. ట్యాంకు మీద చెక్కియున్న పరీక్షాతేదీని కొనుటకు ముందే చదువుడు. అమెరికాలో నీ ట్యాంకులను నీటిఒత్తిడితో ఐదేండ్ల కొకమారు మరల పరీక్షింపవలెనన్నది సామాన్యనియమము. కార్బన్ నార చుట్టినవాని ఆయువును పదునైదేండ్లుగా నిర్ణయించినారు. ఆ గడువు దాటిన ట్యాంకు ఎంత చవుకగ దొరకినను దానిని నింపింపరాదు.